పురుగులకు వదిలిన మొద్దులు

నారాయణఖేడ్ బస్టాండు దగ్గర విత్తనాలు, పురుగుమందులు అమ్మే దుకాణాల ముందు నుంచి నేను నడవను. అవతలి పక్కకు దాటుతాను. వెంట ఉన్నవాళ్లు నీడ కోసం అనుకుంటారు, మోకాళ్ల నొప్పి అనుకుంటారు. నేనూ ఔనంటాను. నిజానికి అది కోపం. ఆ దుకాణాల్లోంచి వచ్చే చెదల మందు వాసన ముక్కుకు తగిలిందంటే ఇప్పటికీ నా పళ్లు బిగుసుకుంటాయి.

మా వాడలో ఒక అమ్మాయికి ఈమధ్య అటవీ శాఖలో ఉద్యోగం వచ్చింది. మిఠాయి డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చింది. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. పోయేముందు గడపలో నిలబడి, "అమ్మమ్మా, జంగల్ల మొదాలు ఏం నేర్చుకోవాలె?" అని అడిగింది. "నీళ్ల సీసా మరువకు" అన్నాను. నవ్వుకుంటూ వెళ్లిపోయింది. ఆ జవాబు చాలదని ఆమె వీధి మలుపు తిరిగాక తోచింది. అందుకే ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయికీ, ఆమెలా ఖాకీ బట్టలు కొత్తగా కుట్టించుకుంటున్న పిల్లలకూ.

నేను బడి మొహం చూడలేదు. మా అమ్మ చర్చి ఊడ్చి, గంట కొట్టేది. ఇంట్లో బైబిలు ముందు పెట్టి నా వేలు పట్టుకుని అక్షరాల మీద నడిపించింది. లెక్కలు జొన్నగింజలతో నేర్పింది. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక, పొయ్యి దగ్గరే చదువుకుని పదో తరగతి ప్రైవేటుగా రాశాను. అమ్మ నేర్పిన ఇంకో చదువు, ప్రతి పూటా ఏదో ఒక దానికి దేవునికి స్తోత్రం చెప్పడం. చెప్పకుండా కంచం ముట్టనిచ్చేది కాదు. వాన పడితే వానకు, పడకపోతే బావిలో మిగిలిన నీళ్లకు. నా భర్త ఫారెస్టు గార్డు. జ్వరంతో దవాఖానకు పోయినవాడు తిరిగి రాలేదు. కొత్త శతాబ్దం మొదలైన ఆ రోజుల్లో, ఆయన పోయినందుకు నాకు వాచర్ ఉద్యోగం ఇచ్చారు. ఆ కాగితం పట్టుకుని ఏడుస్తూనే స్తోత్రం చెప్పాను. నా సంగతి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, కోపం నాకు పుట్టుకతో వచ్చిన గుణం కాదని మీకు తెలియాలి.

అడవిలో నడక నేర్పింది మా వాచరన్న. నాకంటే పెద్దవాడు, సన్నగా, ఎప్పుడూ నోట్లో వేపపుల్లతో ఉండేవాడు. గొడ్డలి దెబ్బ విని అది పచ్చి చెట్టు మీద పడుతున్నదా, ఎండు చెట్టు మీదా అని చెప్పేవాడు. "చెల్లె, పాముకు బుగులుపడకు. నీ చెప్పు తెగినప్పుడు బుగులుపడు" అనేవాడు. మొదటి ఏడాది నా ముందు నడిచి ముళ్లకంపలు పక్కకు తీసిన మనిషి. తరువాత ఆయన్ను సిర్గాపూర్ వైపు నర్సరీకి పంపారు. ఆయన మీద నాకున్న కృతజ్ఞత ఈరోజుకీ తగ్గలేదు. ముందుకు చదివేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

కంగ్టి తొవ్వలో గుట్ట వెనుక ఒక చిన్న లోయ ఉంది. ఎర్రమట్టి, నడుమ రాళ్లు. అక్కడ పాత దిరిశెన చెట్లు, ఇప్పచెట్లు, నల్లమద్దులు కొన్ని ఎప్పుడో చచ్చి, సగం నిలబడి, సగం కూలి ఉండేవి. మా శాఖలో చచ్చిన చెట్టును అలా ఉండనిస్తే పని ఎగ్గొట్టినట్టు లెక్క. వేలం వేయాలి, లేదంటే నిప్పంటుకుంటుందని తీసేయాలి. జంగల్ సాఫ్‌గా ఉండాలి. మేము పొద్దున లేస్తే వినే మాట అదే.

ఒక ఎండకాలం హైదరాబాదు నుంచి ఒక చదువుల పిల్ల వచ్చింది. యూనివర్సిటీలో పురుగుల మీద పరిశోధన చేస్తున్నదట. నన్ను తోడిచ్చి లోయకు పంపారు. పోయీపోగానే ఆ పిల్ల బ్యాగు కింద పడేసి, ఒక దిరిశెన మొద్దు పక్కన నేల మీద పడుకుంది. ఎండదెబ్బ తగిలిందనుకుని నీళ్లు పట్టుకుని పరుగెత్తాను.

"ఏమైంది బిడ్డా?"

"ష్... అమ్మా, మీరూ చెవి పెట్టండి."

పెట్టాను. మొద్దు లోపల కరకర, కరకర. ఆగి మళ్లీ కరకర. పళ్లు ఊడిన ముసలమ్మ తీరుబడిగా అటుకులు నములుతున్నట్టు.

అది ఒక పురుగు పిల్ల అని చెప్పింది. తెల్లగా, బొటనవేలంత లావు. ఎండిన కట్టెలో సత్తువ తక్కువ కాబట్టి ఏండ్ల తరబడి తింటేగానీ పెరగదు. లోపలే రూపు మారి, తొలకరి వాన పడ్డాక బొక్క చేసుకుని బయటికి వస్తుంది. గోధుమరంగు ఒళ్లు, ఒంటికంటే పొడుగు మీసాలు. బయట బతికేది కొన్ని వారాలే. ఆ లోపల జత కట్టి, ఇంకో చచ్చిన మొద్దు వెతుక్కుని గుడ్లు పెట్టాలి. పచ్చి చెట్టు దానికి పనికిరాదు, సన్న పుల్లలూ పనికిరావు. లావు మొద్దు కావాలి. అలాంటి మొద్దులన్నీ వేలానికో పొయ్యికో పోతున్నాయి కాబట్టి ఆ పురుగు కూడా పోతున్నది.

"ఇది తొలిచిన దారిలోనే బూజు పడుతుందమ్మా. చీమలు వస్తాయి, బల్లులు వస్తాయి. వడ్రంగిపిట్ట వస్తుంది. చివరికి కట్టె మట్టి అవుతుంది" అన్నదా పిల్ల. నేను మొద్దును చూశాను. ఇన్నేండ్లు దీని మీద కూర్చుని రొట్టె తిన్నాను, కింద ఇంత మందికి బంతి సాగుతున్నదని తెలియక. ఆ పూట స్తోత్రం దాని కోసమే చెప్పాను.

ఆ పిల్ల పై ఆఫీసుల చుట్టూ తిరిగి, ఆ లోయలో చచ్చిన చెట్లను ముట్టకూడదని ఉత్తర్వు తెచ్చింది. కాపలా నాకు పడింది. మా రేంజరు ఆమె చెప్పిందంతా విన్నాడు. ఒకసారి కాదు, వచ్చిన ప్రతిసారీ ఆ పిల్ల ఆయన బల్ల ముందు కూర్చుని వివరించింది. పురుగు ఎక్కడ ఉంటుంది, ఎప్పుడు వస్తుంది, దేనికి చస్తుంది, అన్నీ. ఆమె పోయాక నా వైపు తిరిగి, "మీ ఆయన బతికున్న చెట్లను కాసిండు. నువ్వు పీనుగులను కాయి" అన్నాడు. గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. నేను దండం పెట్టి బయటికి వచ్చాను. అప్పట్లో దండం పెట్టేదాన్ని.

అసలు కష్టం లోయ పక్కన ఉన్న తండాతో. అక్కడి ఆడవాళ్లకు ఆ మొద్దులే పొయ్యి. పంటలు అయిపోయాక సగం మంది పని కోసం హైదరాబాదు పోయేవారు. మిగిలినవాళ్లు కట్టెలు మోసేవారు. వాళ్లందరి తరఫున మాట్లాడేది ఒకామె. నా వయసుదే, గట్టి మనిషి, మోచేతుల దాకా గాజులు, భుజం మీద గొడ్డలి. మా అటవీ శాఖను అక్కడ జంగ్లాత్ అంటారు, నన్ను జంగ్లాతమ్మా అని పిలిచేది, అది గౌరవమో వెక్కిరింపో తెలియనివ్వకుండా.

"ఏంది జంగ్లాతమ్మా, మనుషుల పొయ్యికి కట్టె లేదుగని పురుగులకు ఇండ్లు కట్టిస్తున్నరట?"

"కట్టించుడు లేదక్కా. ఉన్న ఇండ్లు కూలగొట్టొద్దంటున్న."

"పురుగుకు ఓటుందా? రేషనుందా?"

వెనుక ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. మొద్దు దగ్గరికి వచ్చి విను అంటే, "మా ఇంట్ల అత్త నములుతనే ఉంటది, గది ఇంటే చాలు" అన్నది. అలా చాలాసార్లు తండాకు పోయాను. సన్నకట్టె గుట్టకు అవతలి దిక్కు ఏరుకోనిస్తాను, లావు మొద్దులు మాత్రం వదలండి అని అడిగాను. అవతలి దిక్కంటే గుట్ట ఎక్కి దిగాలి, తల మీద మోపుతో. ఊరికే అడిగే మాట కాదది.

ఒకరోజు ఆమె ఒప్పుకుంది. "అయితే ఒట్టు వెయ్యి. మేం ఇడిచిపెట్టిన కట్టెను మీ జంగ్లాతోళ్లు అమ్ముకోరని, నాశనం చెయ్యరని. బోరంచ పోచమ్మ మీద వేస్తవో, మీ దేవుని మీద వేస్తవో."

మా అమ్మ ఒట్టు వేయనిచ్చేది కాదు. ఔనంటే ఔను, కాదంటే కాదు, అంతకు మించి దేవుణ్ణి సాక్ష్యానికి లాగొద్దనేది. అదే చెప్పాను.

"ఒట్టు వెయ్యనక్కా. మాట ఇస్త."

"ఒట్టు లేని మాటను ఎట్ల నమ్మాలె?"

"నమ్మకుంటే గొడ్డలి నీ భుజం మీదనే ఉన్నది."

"ఇగో జంగ్లాతమ్మా, జంగ్లాతును చూసి ఇడుస్తలేం. నిన్ను చూసి ఇడుస్తున్నం. యాదుంచుకో" అని గొడ్డలి భుజం మార్చుకుంది.

వదిలారు. నిజంగా వదిలారు. కొన్ని తొలకరులు గడిచాయి. ఎండకాలం మిట్టమధ్యాహ్నం ఆ ఆడవాళ్లు గుట్ట దిగి వస్తుంటే, దారి పక్కనే లోయలో అంత కట్టె పడి ఉండగా చూపు కూడా తిప్పకుండా పోయేవారు. "నీ పురుగుల సంసారం ఎట్లున్నది?" అని అరిచేది ఆమె. "పిల్లలతోని మంచిగున్నయి" అనేదాన్ని. మొద్దుల మీద కొత్త బొక్కలు కనబడేవి, బొటనవేలు పట్టేంత. చదువుల పిల్ల వచ్చినప్పుడల్లా వాటిని చూసి పండుగ చేసుకునేది.

ఇప్పుడు ఆ రోజు సంగతి.

పెద్ద సారు తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. పురుగుల లోయ కూడా చూస్తాడట. పెద్ద సారు వస్తున్నాడంటే మా దగ్గర పని ఒక్కటే, సున్నం, ఎర్ర జాజు. దారి పక్క రాళ్లకు సున్నం, చెట్ల మొదళ్లకు కింద జాజు, పైన సున్నం పట్టీలు. అడవి మొత్తం పెండ్లింటి గడపలా తయారవుతుంది. ఏ చెట్టు ఏమడిగిందో మాకు తెలియదు గానీ, ప్రతి తనిఖీకీ ఇదే చేశాం.

లోయ నా డ్యూటీ. అయినా ముందురోజు రేంజరు నన్ను పెద్ద సారు దిగే ఫారెస్టు బంగ్లాకు వంటకు పొమ్మన్నాడు.

"సార్, లోయల నేనుంటే మంచిది."

"నీ పురుగులు యాడికి పోవు. పెద్ద సారుకు నాటుకోడి ఇష్టమట. ఆడమనిషివి, నువ్వు చేస్తెనే రుచి ఉంటది."

పోయాను. కోడిని కోయించి, మసాలా నూరి, జొన్నరొట్టెలకు పిండి సిద్ధం చేశాను. లోయలో పనికి మనుషులు చాలక నర్సరీ నుంచి మా వాచరన్నను పిలిపించారని తెలిసి సంతోషించాను కూడా. ఆయనకు ఆ లోయ సంగతి తెలియదు. ఆయన నర్సరీకి పోయాకే ఇదంతా మొదలైంది.

మరునాడు పొద్దున, సారు రాకముందే, కూలీలకు చాయ్ తీసుకుని లోయకు నడిచాను. రెండు రోజుల కిందటే తొలకరి పడింది. పురుగులు బయటికి వచ్చే వేళ. పెద్ద సారు సరైన సమయానికి వస్తున్నాడని, అది దేవుని ఏర్పాటని అనుకుంటూ నడిచాను.

తడిసిన మట్టి వాసన మీద ఇంకో వాసన వచ్చింది.

లోయలో ప్రతి మొద్దుకూ కింద ఎర్ర పట్టీ, పైన తెల్ల పట్టీ. మొద్దుల చుట్టూ ముగ్గు పోసినట్టు తెల్లటి పొడి. ఏ బొక్కా తెరిచి లేదు. అన్నిటికీ బంకమట్టి మూతలు. నడుమ మా వాచరన్న, చేతిలో మందు డబ్బా, ముఖం వెలిగిపోతూ.

"చూస్తివా చెల్లె, నీ మొద్దులు ఎట్ల మెరుస్తున్నయో! చెదలు కనబడొద్దన్నడు సారు. బొక్క బొక్కకు మందుల ముంచిన పత్తి కుక్కి మట్టి పెట్టిన. నర్సరీల మామిడి చెట్లకు గూడ ఇంత మంచిగ చెయ్యలే. నీ మొద్దులని పానం పెట్టి చేసిన."

మామిడి కాండం తొలిచే పురుగుకు నర్సరీలో చేసే పని అది. ఆయన చేతికి తెలిసిన పని. శ్రద్ధగా, ఒక్కటి వదలకుండా చేశాడు.

నేను కింద కూర్చున్నాను. పొడిలో పురుగులు వెల్లకిలా పడి ఉన్నాయి. కొన్నిటి కాళ్లు ఇంకా ముడుచుకుంటూ తెరుచుకుంటూ ఉన్నాయి. ఒకటి మట్టి మూతను లోపల నుంచి తోసుకుని తల, మీసాలు బయట పెట్టింది. అంతవరకే రాగలిగింది. చీకట్లో అన్నేండ్లు తిని, వానకు లేచి, వాకిట్లో చచ్చింది. కొంగుతో దాని ముఖం తుడిచాను. చాయ్ పక్కన పెట్టి నీళ్లు పోశాను. ఏం లాభం.

"అన్నా, ఈ మొద్దులు ఎవరికోసం ఉంచినమో తెలుసా?"

"పరిశోధనకట గద. కట్టె ఖరాబు కావద్దన్నరు."

"పురుగుల కోసం అన్నా. గీ పురుగుల కోసమే."

ఆయన వేపపుల్ల నోట్లోంచి పడిపోయింది. డబ్బా దించి, రెండు చేతులూ చూసుకున్నాడు. "నాకు చెప్పలే చెల్లె. సారు నాకు చెప్పలే" అన్నాడు. మళ్లీ అదే మాట అన్నాడు. ఆ గొంతు వినలేక ముఖం తిప్పుకున్నాను.

జీపు వచ్చింది. రేంజరు దిగి అంతా కలియజూసి, "శాబాష్" అన్నాడు.

"సార్, మందు కొట్టిచ్చిన్రు."

"ఔ. చెదలు పట్టిన కట్టె పెద్ద సారుకు చూపెడితె నా ఇజ్జతేం గావాలె?"

"మందుకు పురుగులు చస్తయని ఆ పిల్ల మీకు చెప్పింది గద సార్. నా ముంగటనే చెప్పింది. మీకు తెలుసు."

"తెలుసు. అయితే?"

పిల్లలారా, తెలియక చేసిన పని మీద నాకు కోపం రాదు. మా అన్న తెలియక చేశాడు, ఆయన మీద ఆ రోజు కూడా రాలేదు. ఈ మనిషి తెలుసు అన్నాడు, ఆ తరువాత అయితే అన్నాడు. ఒళ్లంతా మండింది. జీవితంలో మొదటిసారి ఒక అధికారి ముందు నా చేతులు దండానికి లేవలేదు.

పెద్ద సారు వచ్చాడు. పట్టీలు చూసి నీట్‌గా ఉందన్నాడు. "ఏవయ్యా మీ పురుగులు?" అని అడిగాడు.

"ఇది సీజన్ గాదు సార్" అన్నాడు రేంజరు.

నేను ముందుకు పోయి కొంగు విప్పాను. పొడిలోంచి ఏరిపెట్టుకున్న చచ్చిన పురుగులన్నీ అందులో ఉన్నాయి.

"సీజన్ ఇదే సార్. వానకు బయటికి వచ్చినయి. రాత్రి మందు కొట్టిచ్చి చంపిన్రు. వీటి కోసమనే ఈ కట్టె ఉంచినం. వీటి కోసమనే తండా ఆడోళ్లు ఇంత కట్టె ఇడిచిపెట్టి గుట్ట ఎక్కి దిగుతున్నరు. మొద్దులకు సున్నమేసి మీకు చూపిస్తున్నరు. లోపల ఏం లేదు సార్ ఇప్పుడు."

పెద్ద సారు నా కొంగులోకి చూశాడు. రేంజరును చూశాడు. చేతి గడియారం చూసుకున్నాడు. "ఇలాంటివి చూసుకోవాలి కదయ్యా" అన్నాడు, కూరలో ఉప్పు తగ్గినట్టు. జీపెక్కాడు.

బంగ్లాలో తిన్నాడు. నేను చేసిన కోడికూరను మెచ్చుకుని, ఇంకాస్త వేయించుకున్నాడట. ఎముకలు కూడా వదలలేదని వడ్డించినతను వచ్చి నాకు సంబరంగా చెప్పాడు. నా వంటను ఎవరైనా మెచ్చుకుంటే దేవునికి అప్పజెప్పడం నా అలవాటు. ఆ మెప్పును మాత్రం కడిగిన గిన్నెల నీళ్లతోపాటు బయట పారబోశాను.

కబురు అందుకుని చదువుల పిల్ల వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ప్రతి మొద్దు దగ్గరా పడుకుని చెవి పెట్టింది. నేనూ పెట్టాను. ఎక్కడా చప్పుడు లేదు. లేచి బట్టలు దులుపుకుని, "అమ్మా, కనీసం వేలం వేసి ఉంటే ఎవరో తలుపులు చేయించుకునేవాళ్లు" అన్నది.

రేంజరుకు ఆ మొద్దులతో పని తీరిపోయింది. "తండావాళ్లను కొట్టుకపొమ్మను. లొల్లి ఖతం అయితది" అన్నాడు. మందు పట్టిన కట్టె అది. ఆ పొగ ఇంట్లో నిండితే చంటిపిల్లల గతేమిటి? ఆ మాట అడిగితే, "నీకన్నీ పరేషాన్లే" అన్నాడు.

తండాకు నేనే పోయాను. నడిచిన దూరమంతా ప్రార్థన చేయాలని చూశాను, ఒక్క మాట రాలేదు. ఆమె వాకిట్లో జొన్నలు చెరుగుతున్నది. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ కట్టె పొయ్యిలో పెట్టొద్దని కూడా చెప్పాను.

చాట ఆగింది.

"అంటే, మేం పురుగుల కోసం ఇడిచిపెడితిమి. పురుగులను మీరు చంపితిరి. ఇప్పుడు కట్టె మాకూ పనికిరాదు."

"ఔనక్కా."

"ఇన్నేండ్లు ఆ గుట్ట ఎక్కినం దిగినం. నా కోడలు కడుపుతోని ఎక్కింది." చాట పక్కన పెట్టి లేచింది. "ఒట్టు వేసుంటే పోచమ్మ నీ సంగతి చూసుకునేది. నువ్వు వెయ్యకపోతివి. ఇగ నేనే చూసుకోవాలె గద?"

తిట్టింది. తెలుగులో తిట్టింది, వాళ్ల భాషలో తిట్టింది. మా శాఖను, మా సార్లను, నన్ను. చుట్టూ ఆడవాళ్లు పోగయ్యారు. నేను కదలలేదు. ఆ తిట్లలో ఒక్కటి కూడా అబద్ధం కాదు. కాకపోతే తినవలసినవాడు బంగ్లాలో ఉన్నాడు. చివరికి ఆమె అలిసిపోయి, "ఏడుస్తవా ఏంది?" అన్నది.

"ఏడుస్తలేనక్కా. కోపమొస్తున్నది."

"ఎవరి మీద?"

"ఆయనకు తెలుసక్కా. తెలిసే చేసిండు."

ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. అంతే. కూర్చోమనలేదు.

ఆ మొద్దుల చుట్టూ మా వాచరన్న ముళ్లకంప కొట్టి కంచె వేశాడు, ఎవరూ పొయ్యికి తీసుకుపోకుండా. ఎవరూ చెప్పలేదు. సెలవు పెట్టి వచ్చి, చేతులు గీరుకుపోతుంటే ఒక్కడే చేశాడు. నేను సాయానికి పోతే వద్దన్నాడు. నాకు పెద్దవాళ్ల ముందు నోరు చేసిందని పేరు పడింది. లోయ డ్యూటీ తీసేసి బంగ్లాకు వేశారు. రోజూ వంట. రేంజరుకు మాత్రం ఏమీ కాలేదు. తరువాత ప్రమోషన్ మీద పోయాడు. దండలు వేశారు. నేనూ ఆ మీటింగులో కుర్చీలు వేశాను.

మరుసటి ఏడు గాలివాన తరువాత తండా నుంచి కబురొచ్చింది, జంగ్లాతమ్మను రమ్మన్నారని. భయపడుతూనే పోయాను. ఆమె నన్ను తన చేను దాకా నడిపించింది. ఒడ్డు మీద ఉన్న పాత దిరిశెన చెట్టు వేర్లతో సహా కూలి ఉంది. నాలుగేండ్ల పొయ్యికి సరిపోయే కట్టె.

"కొడుకు రంపం తెచ్చిండు. నేనే వద్దన్న" అన్నది ఆమె. "ఇది మీ జంగ్లాతోళ్ల భూమి గాదు. ఏ సారూ రాడు. సున్నం డబ్బా పట్టుకొని ఎవడన్న వస్తే కాళ్లిరగ్గొడ్త. నీ పురుగులు ఎక్కడన్న ఒకటో రెండో మిగిలుంటే, రమ్మను."

కూలిన చెట్టు బెరడు మీద చెయ్యి వేశాను. "అక్కా, ఏండ్లు పడుతది" అన్నాను.

"పడనియ్యి. ఒట్టు వెయ్యమంటవా?"

తల అడ్డంగా ఊపాను.

"వెయ్యను కూడ. మాట ఇస్తున్న" అన్నది.

తరువాత నేను వీలైనప్పుడల్లా పోయి చెవి పెట్టాను. ఏడాది ఏమీ లేదు. మళ్లీ ఏడాదీ లేదు. ఆమె ప్రతిసారీ గట్టు మీద నిలబడి, "వచ్చిండ్రా సుట్టాలు?" అని అడిగేది. బెరడు కింద చీమలు చేరాయి, ఒక బల్లి చేరింది. నాకు కావలసిన చుట్టం రాలేదు. రాడేమో అనుకున్నాను. లోయలో అన్నీ చచ్చి ఉంటే ఎక్కడినుంచి వస్తాడు?

తెలంగాణ వచ్చిన ఏడే నా ఉద్యోగం అయిపోయింది. శాలువా కప్పారు. అడవిని శుభ్రంగా ఉంచడంలో నా కృషి గురించి ఒకాయన మాట్లాడాడు. శాలువా మడిచి సంచిలో పెట్టుకుని, ఆ సాయంత్రమే ఆటోలో తండాకు పోయాను. ఆమె చేన్లోనే ఉన్నది. ఇద్దరమూ ముసలివాళ్లం అయ్యాం, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాం. నేను మొద్దుకు చెవి ఆనించాను.

కరకర.

ఊపిరి బిగపట్టాను. ఆగింది. మళ్లీ కరకర, కరకర.

నా ముఖం చూసి ఆమెకు అర్థమైంది. ఇన్నేండ్లలో ఒక్కసారి కూడా చెవి పెట్టని మనిషి, కొప్పు సరిచేసుకుని, మొద్దు మీదికి వంగింది. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది.

"తింటున్నడు" అన్నది. ఇంకాసేపు విని, కళ్లు తెరిచి, "మీ పెద్ద సారు నీ కోడిని గిట్లనే నమిలిండా?" అని అడిగింది.

ఇద్దరం నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాం.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడి, మన దేవుణ్ణి ఎరగని ఒక తండా ఆమె కోసం స్తోత్రం చెప్పాను. తన చేతులతో ముళ్లకంప కొట్టిన మా అన్న కోసం చెప్పాను. బయటికి వస్తుంటే పాస్టరమ్మ నా చెయ్యి పట్టుకుని, "అయితే ఆ రేంజరును క్షమించేసినట్టేనా?" అని మెల్లగా అడిగింది.

"రోజూ అడుగుతున్నానమ్మా ప్రభువును" అన్నాను. "మందు వాసన ఇంకా పోలేదు."